‘బ్రూట్’ అంటే ముడి చమురా, స్థూల లెక్కా? ఫ్రెంచి చమురు పరిభాష ఇంగ్లీషులోకి వచ్చేటప్పుడు ఎదురయ్యే చిక్కులు

సంక్షిప్తంగా: ఫ్రెంచిలో రాసిన చమురు వ్యాపార పత్రాలను ఇంగ్లీషులోకి తెచ్చేవారిని కఠినమైన సాంకేతిక పదాలు అంతగా ఇబ్బంది పెట్టవు. వాటికి పరిభాషా కోశాలు ఉన్నాయి. తప్పులు దొర్లేది చూడగానే తెలిసినట్టుండే మాటల దగ్గర, అంకెల దగ్గర, పట్టికల్లో సందర్భం లేకుండా ఒంటరిగా నిలిచిన పదాల దగ్గర. ఆ మాట చమురు ప్రయాణంలో ఏ మజిలీకి చెందిందో తెలిస్తేనే సరైన ఇంగ్లీషు పదం దొరుకుతుంది.

ఒక మాట, రెండు అర్థాలు

ఫ్రెంచిలో ‘బ్రూట్’ అనే విశేషణానికి మూలార్థం మోటుగా, శుద్ధి చేయకుండా ఉన్నది అని. భూమిలోంచి తీశాక ఇంకా శుద్ధి కర్మాగారం మెట్లెక్కని చమురు ‘పెత్రోల్ బ్రూట్’. వ్యాపారుల వాడుకలో అది కురచై వట్టి ‘బ్రూట్’గా మిగిలింది. ఖర్చులూ కోతలూ తీసేయని మొత్తానికి కూడా ఫ్రెంచివారు ఇదే మాట వాడతారు. కోతలు పడని జీతం ‘సలేర్ బ్రూట్’; మన పత్రికలు స్థూల దేశీయోత్పత్తి అని రాసేదాన్ని ‘ప్రొద్యుయీ ఎఁతెరియర్ బ్రూట్’ అంటారు. తీపి బాగా తగ్గించిన షాంపేన్ సీసా మీద అచ్చయ్యేదీ ఈ మాటే.

తెలుగులో ముడి వేరు, స్థూల వేరు. ఇంగ్లీషులోనూ క్రూడ్ వేరు, గ్రాస్ వేరు. ఫ్రెంచి ఒక్కటే మాటతో రెండు పనులూ చేయించుకుంటుంది కాబట్టి, ఇంగ్లీషులోకి తెచ్చేవారు ప్రతిసారీ ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు.

చమురు సంస్థల నివేదికల్లో తరచూ కనిపించే రెండు పదబంధాలను పక్కపక్కన పెడితే ఈ ఎంపిక ఎంత సన్నని దారమో తెలుస్తుంది. ‘ప్రొద్యుక్సియోఁ ద బ్రూట్’ అంటే ముడి చమురు ఉత్పత్తి. ‘ప్రొద్యుక్సియోఁ బ్రూట్’ అంటే స్థూల ఉత్పత్తి, అనగా భాగస్వాములకూ ప్రభుత్వానికీ చెందే వాటాలు ఇంకా తీసేయని మొత్తం. రెండింటికీ మధ్య ఉన్నది ‘ద’ అనే చిన్న విభక్తి పదం, రెండో దాని చివర రాతలో మాత్రమే కనిపించి పలుకులో వినిపించని ఒక అక్షరం. క్షేత్రంలో రోజుకు లక్ష బ్యారెళ్లు వస్తూ, అందులో సంస్థ వాటా 40 శాతమే అయితే, స్థూల ఉత్పత్తి లక్ష, సంస్థకు దక్కేది 40 వేలు. పైగా స్థూల ఉత్పత్తిలో సహజవాయువును కూడా చమురుతో సమానం చేసి కలిపే రివాజు ఉంది. ‘స్థూల’ అనాల్సిన చోట ‘ముడి’ అని పడితే వాటా లెక్క మాయమవడమే కాక, వాయువు సైతం చమురైపోతుంది.

చమురు గురించి మాట్లాడుతున్న వాక్యమే కదా అని ‘బ్రూట్’ను ఎక్కడ చూసినా క్రూడ్ చేయడానికీ వీల్లేదు. ‘మార్జ్ బ్రూట్ ద రఫినాజ్’ అనేది మన స్టాక్ మార్కెట్ పాఠకులకు బాగా తెలిసిన జీఆర్‌ఎమ్, అంటే స్థూల రిఫైనింగ్ మార్జిన్. ముడి చమురు కొన్న ధరకూ, దాన్నుంచి తీసిన సరుకులు అమ్మిన ధరకూ మధ్య మిగిలే తేడా అది.

ఫ్రెంచిలో పుట్టి ఇంగ్లీషులో అమ్ముడయ్యే సరుకు

చమురు ధర డాలర్లలో పలుకుతుంది, బేరం చాలావరకు ఇంగ్లీషులో సాగుతుంది. కానీ ఆ చమురును తవ్వే హక్కులు ఇచ్చే చట్టాలు అనేక దేశాల్లో ఫ్రెంచిలో ఉన్నాయి. అల్జీరియా, గబాన్, కాంగో బ్రాజవిల్ మూడూ ఒపెక్ సభ్య దేశాలే. చాద్ చమురు 2003 నుంచి కామెరూన్ తీరానికి వెయ్యి కిలోమీటర్లకు పైగా పొడవున్న గొట్టపు మార్గంలో చేరుతోంది. ఈ దేశాల అధికారిక గెజిట్లు, బడ్జెట్లు, ఒప్పందాల్లో ఫ్రెంచి వాడుక బలంగా ఉంది. అల్జీరియాలో చట్టాలు అరబిక్‌తో పాటు ఫ్రెంచిలోనూ వెలువడతాయి. ఇటు ప్రపంచ చమురు వ్యాపారానికి ప్రధాన కేంద్రాల్లో ఒకటైన జెనీవా స్వయంగా ఫ్రెంచి మాట్లాడే ఊరు. వీధిలో ఫ్రెంచి, వ్యాపార తెర మీద ఇంగ్లీషు అక్కడి దినచర్య.

ఫ్రాన్స్ సొంత చమురు సంస్థకు మూలం 1924లో ఏర్పడిన కొంపాఞీ ఫ్రాఁసేజ్ దె పెత్రోల్. అదే కాలక్రమంలో టోటల్‌గా, 2021లో టోటల్‌ఎనర్జీస్‌గా మారింది. ఇరాక్ చమురు సంస్థలో బ్రిటిష్, అమెరికన్ కంపెనీల పక్కన 23.75 శాతం వాటాతో కూర్చున్న నాటి నుంచే ఫ్రెంచి చమురు పరిభాష ఇంగ్లీషుతో కలిసి కాపురం చేస్తోంది. ఇంగ్లీషు మాటలు మరీ చొరబడుతున్నాయన్న ఆందోళనతో ఫ్రాన్స్ ప్రభుత్వం 1972 నుంచి శాఖలవారీగా పరిభాషా సంఘాలను నడుపుతూ, విదేశీ పదాలకు ఫ్రెంచి సమానార్థకాలను గెజిట్‌లో ప్రకటిస్తూ వస్తోంది. దీనివల్ల ఒకే విషయానికి వ్యాపారి నోట ఒక మాట, సర్కారు కాగితంలో మరొక మాట స్థిరపడ్డాయి. ఆఫ్రికాలోని కొన్ని ఫ్రెంచి ఒప్పందాల్లోనైతే ‘కాస్ట్ ఆయిల్’, ‘ప్రాఫిట్ ఆయిల్’ అనే ఇంగ్లీషు మాటలు ఏ మార్పూ లేకుండా ఫ్రెంచి వాక్యం మధ్యలో కూర్చుని ఉంటాయి. మన కృష్ణా గోదావరి బేసిన్ ఒప్పందాల్లో వీటినే కాస్ట్ పెట్రోలియం, ప్రాఫిట్ పెట్రోలియం అన్నారు. పెట్టిన ఖర్చు రాబట్టుకోవడానికి కంపెనీకి వదిలే చమురు మొదటిది. ఆ తర్వాత ప్రభుత్వం, కంపెనీ పంచుకునేది రెండోది.

బంకు దగ్గరి మాటలు

ఫ్రెంచి ‘పెత్రోల్’ మన పెట్రోలు కాదు. అది చమురు. కారులో పోయించుకునే పెట్రోలును ఫ్రాన్స్‌లో ‘ఎసాన్స్’ అంటారు. ఇంగ్లీషులోనూ ఇండియాలోనూ పెట్రోలు అనే మాట శుద్ధి చేసిన సరుకుకు స్థిరపడటంతో, ఫ్రెంచి శీర్షికలో ‘పెత్రోల్ ధర పెరిగింది’ అని కనబడగానే బంకులో ధర పెరిగిందని అనువదించేస్తారు. నిజానికి అక్కడ పెరిగింది బ్యారెల్ ధర. బ్యారెల్ ధర బంకు దాకా రావడానికి శుద్ధి, రవాణా, పన్నులు, డీలరు కమీషను అనే అంచెలున్నాయి. అందుకు రోజులూ పట్టవచ్చు, పన్ను తగ్గిస్తే అసలు రాకనూ పోవచ్చు. ‘పెత్రోల్ లాంపాన్’ అనేది మరొకటి. అది దీపాల్లో పోసే కిరసనాయిలు.

డీజిల్‌కు ఫ్రెంచి పేరు ‘గజోల్’. ఇది ఇంగ్లీషు గ్యాసాయిల్‌కు ఫ్రెంచి రూపం. కానీ ఇంగ్లీషు వ్యాపార పరిభాషలో గ్యాసాయిల్ అనేది శుద్ధి గోపురంలో మధ్య అంతస్తున దిగే ఒక విస్తృత తరగతి. లండన్ ఫ్యూచర్స్ (వాయిదా బేరాల) మార్కెట్‌లో ఆ పేరుతోనే కాంట్రాక్టులు నడుస్తాయి. ఫ్రెంచి పత్రిక బంకు ధరల గురించి రాస్తే ‘గజోల్’ను డీజిల్ అనాలి, రేవు నుంచి ఓడలో బయల్దేరిన సరుకు గురించి రాస్తే గ్యాసాయిల్ అనడమే సముచితం. ‘ఫ్యూల్’ సంగతి ఇంకా తమాషా. పాత ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వెళ్లిన మాట ఫ్యూల్. అది ఫ్యూల్ ఆయిల్ రూపంలో తిరిగి ఫ్రెంచికి చేరి, వర్ణక్రమం మార్చుకుని, ఇంటిని వెచ్చబెట్టే నూనెకూ, ఓడలూ ఫ్యాక్టరీలూ మండించే చిక్కటి నూనెకూ పేరైంది. బెల్జియం, స్విట్జర్లాండ్, క్యుబెక్‌లలో ఇళ్లకు వాడే ఆ నూనెను ‘మజూత్’ అంటారు. అన్ని రకాల ఇంధనాలకూ కలిపి ఇంగ్లీషు వాడే ఫ్యూల్ అనే ఒక్క మాటకు ఎదురుగా ఫ్రెంచిలో రెండున్నాయి: ఇంజను తిప్పేది ‘కార్బ్యురాఁ’, వేడి కోసం మండించేది ‘కొంబ్యుస్తీబ్ల్’. ఫ్రాన్స్‌లో వాడకాన్ని బట్టి పన్ను మారుతుంది; ఈ రెండింటి మీదా ఒకటి కాదు. పొలం యంత్రాలకు వాడే తక్కువ పన్ను గజోల్‌కు ఎర్ర రంగు కలిపేది అందుకే. రెండింటినీ ఫ్యూల్ అనే ఒకే సంచీలో వేస్తే, పన్నుపై జరిగే చర్చ ఇంగ్లీషు పాఠకుడికి అర్థం కాదు.

వెయ్యి రెట్ల తేడా

మాటల్లో దొర్లిన తప్పును తెలివైన పాఠకుడు పట్టుకోగలడు. అంకెల్లో దొర్లింది అలా కాదు. ఫ్రెంచిలో ‘మిలియార్’ అంటే వంద కోట్లు, అంటే ఇంగ్లీషు బిలియన్. ఫ్రెంచి ‘బిల్యోఁ’ మాత్రం లక్ష కోట్లు, అంటే ఇంగ్లీషు ట్రిలియన్. చిత్రమేమంటే ఒకప్పుడు ఫ్రాన్స్‌లోనూ బిలియన్‌ను వంద కోట్లకే వాడేవారు, అమెరికన్లు నేర్చుకున్నది ఆ లెక్కే. 1961లో ఫ్రాన్స్ అధికారికంగా దీర్ఘ మానానికి, అంటే బిలియన్‌ను లక్ష కోట్లుగా లెక్కించే పద్ధతికి, మారింది. బ్రిటన్ 1974లో దీర్ఘ మానాన్ని వదిలి అమెరికన్ పద్ధతికి వచ్చింది. ఎదురెదురుగా నడిచి ఇద్దరూ చోట్లు మార్చుకున్నారన్నమాట.

ఆఫ్రికన్ బడ్జెట్లలో ఇది నిత్య సమస్య. మధ్య ఆఫ్రికా చమురు దేశాల్లో వాడే సీఎఫ్ఏ ఫ్రాంకు విలువను యూరోకు 655.957గా స్థిరపరిచారు. వెయ్యి మిలియార్ల ఫ్రాంకుల చమురు రాబడి అని ఫ్రెంచిలో రాసి ఉంటే ఇంగ్లీషులో అది ఒక ట్రిలియన్ ఫ్రాంకులు. యూరోల్లో చూస్తే దాదాపు 1.52 బిలియన్లు. ఒకే వాక్యంలో ట్రిలియన్, బిలియన్ పక్కపక్కన వచ్చేసరికి ఏదో పొరపాటు జరిగిందని భావించి సరైనదాన్ని ‘దిద్దే’ సంపాదకులు ఏ భాషలోనైనా ఉంటారు. లక్షలు, కోట్ల మీదుగా లెక్కించే తెలుగు పాఠకుడికి అందేసరికి ఆ అంకె మూడు పద్ధతుల గుండా ప్రయాణించి ఉంటుంది.

కామా, చుక్కలు కూడా తారుమారే. ఫ్రెంచి బంకు బోర్డు మీద 1,859 అని ఉంటే లీటరు దాదాపు ఒక యూరో 86 సెంట్లు అని అర్థం. దశాంశ స్థానం చెప్పేది అక్కడ కామా. వేలను విడదీయడానికి ఖాళీ వదులుతారు. ఒక పట్టికలోని 12,500 టన్నులు ఫ్రెంచి చేతిరాతలో పన్నెండున్నర టన్నులే కావచ్చు.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది పెద్ద ‘ఎమ్’ అక్షరం. మెట్రిక్ పద్ధతికి అలవాటుపడ్డ ఫ్రెంచివారికి బ్యారెళ్ల ముందు ‘ఎమ్’ అంటే మిలియన్. అమెరికన్ చమురు రంగంలో ‘ఎమ్’ రోమన్ అంకె నుంచి వచ్చింది, దాని విలువ వెయ్యి. మిలియన్ రాయాలంటే ‘ఎమ్‌ఎమ్’ అని రెండుసార్లు రాస్తారు. రోజు అని సూచించే ‘జె’ అక్షరాన్ని శ్రద్ధగా ‘డి’గా మార్చి, పక్కనున్న ‘ఎమ్’ను అలాగే వదిలేస్తే, రోజుకు 1.4 మిలియన్ బ్యారెళ్లు తీసే దేశం అమెరికాలోని హ్యూస్టన్ పాఠకుడి దృష్టిలో 1,400 బ్యారెళ్లకు పడిపోతుంది.

లాభం ఏ వరుసలో ఉంది

కంపెనీ లెక్కల్లో ‘షిఫ్ర్ దఫేర్’ అంటే టర్నోవర్, అంటే మొత్తం అమ్మకాలు. మాటకు మాట అనువదిస్తే వ్యవహారాల అంకె అని వస్తుంది, ఆ తప్పు ఇప్పుడెవరూ చేయరు. అసలు చిక్కు దాని కింది వరుసల్లో ఉంది. టోటల్‌ఎనర్జీస్ 2022 లెక్కల్లో మొదటి వరుస అమ్మకాలు, 280 999 మిలియన్ డాలర్లు. రెండో వరుస ‘ద్రువా దక్సీజ్’, 17 689. మూడోది ఆ సుంకం తీసేశాక మిగిలిన అమ్మకాల రాబడి, 263 310. రెండో వరుసలోనిది ఎక్సైజ్ సుంకం. కంపెనీ దాన్ని కొనుగోలుదారు దగ్గర వసూలు చేసి ఖజానాకు కట్టేస్తుంది, అది ఎన్నడూ కంపెనీ డబ్బు కాదు. మొదటి, మూడో వరుసలు రెంటినీ రెవెన్యూ అని రాసే వార్తల వల్ల ఒకే కంపెనీకి ఒకే ఏడాది రెండు ఆదాయాలు కనిపిస్తాయి. (తెలుగు రాష్ట్రాల్లో ఎక్సైజ్ అనగానే మద్యం శాఖ గుర్తుకొస్తుంది గానీ, లీటరు పెట్రోలు ధరలో కేంద్రం తీసుకునే వాటా పేరూ అదే.)

‘రెజుల్తా’ అనే మాట దగ్గర మరింత జాగ్రత్త కావాలి. అది ఫలితం, లాభమైనా కావచ్చు, నష్టమైనా కావచ్చు. అదే సంస్థ అదే ఏడాదికి సర్దుబాటు చేసిన నికర ఫలితం 36.2 బిలియన్ డాలర్లు అనీ, నికర ఫలితం 20.5 బిలియన్లు అనీ ప్రకటించింది. ఈ తేడాకు ముఖ్య కారణం రష్యాలోని ఆస్తుల విలువను సుమారు 14.8 బిలియన్ల మేర తగ్గించి రాయడం. ‘అజుస్తె’ (సర్దుబాటు చేసిన) అనే ఒక్క విశేషణం అనువాదంలో జారిపోతే 15 బిలియన్లకు పైగా తేడా వస్తుంది. ఆ ఏడాది ఐరోపాలో చమురు కంపెనీల అధిక లాభాలపై అదనపు పన్ను వేయాలన్న వాదం జోరుగా సాగింది. ఎవరి వాదానికి ఏ అంకె పనికొస్తే వారు దాన్ని పట్టుకున్నారు.

‘ఎక్స్‌ప్లువతాసియోఁ’కూ రెండు ఇళ్లున్నాయి. ‘రెజుల్తా దెక్స్‌ప్లువతాసియోఁ’ అంటే నిర్వహణ లాభం. ‘పెర్మీ దెక్స్‌ప్లువతాసియోఁ’ అంటే చమురు వెలికితీసే లైసెన్సు. ఇంగ్లీషులో ఆ మాటకు దోపిడీ అనే ఛాయ అంటుకుని ఉండటంతో లెక్కల పట్టికలో అది వస్తే వినడానికి నిందలా ఉంటుంది.

అల్జీరియా చట్టంలో రెండు పన్నులు

అల్జీరియా 1971 ఫిబ్రవరి 24న ఫ్రెంచి కంపెనీల చమురు ఆస్తుల్లో 51 శాతం జాతీయం చేసింది. అప్పటి నుంచి ప్రభుత్వ సంస్థ సొనత్రాక్ అక్కడి చమురుకు కేంద్రం. 2019 డిసెంబరు నాటి కొత్త హైడ్రోకార్బన్ల చట్టం విదేశీ కంపెనీలు కట్టాల్సిన వాటిని వేర్వేరు పేర్లతో చెబుతుంది. మొదటిది ‘రెదవాన్స్’. నిఘంటువు దీనికి రుసుము అనే అర్థం కూడా ఇస్తుంది, టీవీ చందాకూ ఫ్రాన్స్‌లో ఇదే మాట వాడేవారు. చమురు చట్టంలో మాత్రం ఇది రాయల్టీ. తీసిన సరుకు విలువ మీద లెక్కగట్టేది. కంపెనీకి లాభం వచ్చిందా రాలేదా అన్నదాంతో నిమిత్తం లేదు.

తర్వాత ‘ఎఁపో స్యుర్ ల రవన్యు’, ‘ఎఁపో స్యుర్ ల రెజుల్తా’ అని రెండు వస్తాయి. సాధారణ అనువాదకుడు రెంటినీ ఇన్‌కమ్ ట్యాక్స్ అనే ప్రమాదముంది. మొదటిది హైడ్రోకార్బన్ల రాబడి మీద, ఆ ప్రాజెక్టు ఎంత లాభసాటిగా ఉంటే అంత పెరుగుతూ పోయేది. రెండోది కంపెనీ లెక్కల చివర తేలిన లాభం మీద పడేది. పెట్టుబడి పెట్టాలా వద్దా అని లెక్కలు వేసుకునేవారికి ఈ క్రమమే ప్రాణం. ముందు దేన్ని తీసేసి దేనిమీద పన్ను వేస్తారన్నది మారితే ప్రాజెక్టు రాబడి శాతమే మారిపోతుంది.

ఓడ ఎవరిది, అద్దె ఎవరిది

సముద్ర రవాణాలో ఇంగ్లీషు చార్టర్ అనే ఒక్క క్రియతో సరిపెడుతుంది. ఓడను అద్దెకిచ్చినా, తీసుకున్నా అదే. ఫ్రెంచిలో ఇచ్చేవాడు ‘ఫ్రెతర్’, తీసుకునేవాడు ‘అఫ్రెతర్’. తెలుగు చెవికి ముందు చేరిన ‘అ’ కాదనే అర్థంలో వినిపిస్తుంది; ఇక్కడ అది పక్షాలనే తిరగేస్తుంది. రేవులో సరుకు దించడం ఒప్పుకున్న గడువు దాటితే రోజుకింత చొప్పున కట్టే ‘స్యురెస్తారీ’, అంటే డెమరేజీ, తీసుకున్నవాడే ఇచ్చినవాడికి చెల్లించాలి. ఆ ‘అ’ అనువాదంలో ఎగిరిపోతే బాకీదారు అప్పిచ్చినవాడిగా మారతాడు. ‘పెత్రోలియే’ అనే నామవాచకం ఇదే సందర్భంలో చమురు ఓడ కావచ్చు, చమురు కంపెనీ కావచ్చు; బహువచనంలో ‘లె పెత్రోలియే ధరలు పెంచారు’ అంటే ధరలు పెంచింది ఓడలు కావు.

సరుకు ధరల గుర్తు ‘కాఫ్’ అంటే ఖరీదు, బీమా, రవాణా కలిపినది, ఇంగ్లీషు సీఐఎఫ్. అకౌంటెంటు పట్టికలో అవే మూడక్షరాలు సంస్థ తన సొంత నిధులు సమకూర్చుకోగల శక్తికి గుర్తు. ఫ్రాన్స్ సామాన్యుడికైతే కుటుంబ భత్యాలు ఇచ్చే కార్యాలయం.

వాయిదా బేరాల్లో ‘రెపోర్’ ఇంతే మోసగత్తె. అక్షరాలు చూస్తే ఇంగ్లీషు రిపోర్ట్, అంటే నివేదిక. చమురు ఫ్యూచర్స్‌లో అది కాంటాంగో: ఇప్పుడే అందే చమురు కన్నా కొన్ని నెలల తర్వాత అందే చమురు ఎక్కువ ధర పలికే స్థితి. తిరగబడితే ‘దెపోర్’, అంటే బ్యాక్‌వర్డేషన్. ఆ తేడా నిల్వ ఖర్చునూ వడ్డీనీ మించితే, ఇప్పుడు కొని దాచి తర్వాత అమ్మడం లాభసాటి అవుతుంది. 2020 వసంతంలో గిరాకీ కుప్పకూలి, ట్యాంకులు నిండిపోవడంతో వ్యాపారులు చమురు ఓడలనే తేలియాడే గిడ్డంగులుగా వాడుకున్నది ఈ లెక్కతోనే. ఆ ఏప్రిల్ 20న అమెరికన్ చమురు మే నెల కాంట్రాక్టు బ్యారెల్‌కు మైనస్ 37.63 డాలర్ల వద్ద ముగిసింది. ఆనాటి ఫ్రెంచి విశ్లేషణలో ‘మార్కెట్ బలమైన రెపోర్‌లో ఉంది’ అన్న వాక్యాన్ని వాయిదా పడిందనో, నివేదిక వచ్చిందనో రాస్తే ఓడలు ఎందుకు సముద్రంలో ఆగాయన్న ప్రశ్నకు జవాబే పోతుంది.

వీటి పక్కన ‘ఎవాఁత్యుయెల్’ అంటే చివరికి అని కాక బహుశా అని, ‘దెలే’ అంటే ఆలస్యం అని కాక గడువు అని అర్థం చేసుకోవడం ఏ భాషావిద్యార్థికైనా తెలిసిన విషయమే. కాకపోతే ఒప్పందంలో ‘చివరికి జరిగే జాతీయీకరణ’ అని పడితే దాని పర్యవసానం తరగతి గదిలో తగ్గే మార్కులంత చిన్నది కాదు.

ఏ ప్రతి చెల్లుతుంది

యంత్రానువాదం పూర్తి వాక్యాలను బాగానే దాటిస్తోంది. పక్క మాటలు దారి చూపుతాయి కాబట్టి ‘బ్రూట్’ను చాలాసార్లు సరిగానే పట్టుకుంటుంది. అది తడబడేది పట్టికల్లో: గడిలో ‘బ్రూట్’ అని ఒక్కటే ఉండి, పైన శీర్షిక మరో పుటలో ఉన్నప్పుడు. నమ్మదగిన పని చేసే అనువాదకులు ముందు పట్టిక కింద ప్రమాణం చూసుకుంటారు, వరుసల కూడికలు సరిపోతున్నాయో లేదో లెక్కిస్తారు, ఆ తర్వాతే పదాల జోలికి వెళతారు. 280 999 నుంచి 17 689 తీసేస్తే 263 310 వస్తుందని తెలిసినవారికి, మధ్య వరుస తీసివేతే గాని లాభం కాదని నిఘంటువు తెరవకుండానే అర్థమవుతుంది.

ఫ్రెంచి నమోదిత కంపెనీల ఇంగ్లీషు నివేదికల మొదట్లో సాధారణంగా ఒక వాక్యం ఉంటుంది: ఇది సౌకర్యం కోసం చేసిన అనువాదం, తేడా వస్తే ఫ్రెంచి ప్రతిదే తుది మాట అని. ఒప్పందాల్లో దీనికి వాడే ఫ్రెంచి నుడికారం ‘ఫే ఫువా’, అక్షరాలా చూస్తే ‘నమ్మకం చేస్తుంది’ అని. ఇంగ్లీషులో ప్రామాణిక ప్రతి అనాలి. కోర్టులో ఈ వాక్యం కంపెనీని కాపాడుతుంది. ఫలితాలు వెలువడిన ఉదయం ఇంగ్లీషు శీర్షిక చదివి షేరు కొన్నవారు మాత్రం ఫ్రెంచి ప్రతిని తెరిచేసరికి బేరం ముగిసిపోయి ఉంటుంది.